కింద పొక్కులు వస్తే రిపోర్ట్‌లో హెర్పెస్ టైప్ 1 అని ఉంది, ఇదెలా?

నీలిగన్నేరు
ఎవరినీ అడగలేక ఇక్కడ రాస్తున్నాను. ఈ మధ్య నాకు ముందు జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి. మామూలు ఫ్లూ అనుకున్నాను. తర్వాత కింద చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచాయి. అవి చితికి పుండ్లయ్యాయి. మూత్రానికి వెళ్లాలంటేనే భయం, అంత మంట. గజ్జల్లో రెండు వైపులా బిళ్లలు కట్టాయి. గైనకాలజిస్ట్ చూడగానే హెర్పెస్ లాగా ఉందన్నారు, పొక్కు దగ్గర స్వాబ్ తీసి పంపారు, మందులు మొదలుపెట్టారు. ఇప్పుడు నొప్పి చాలా వరకు తగ్గింది.

రిపోర్ట్ వచ్చింది. హెచ్‌ఎస్‌వీ (హెర్పెస్ వైరస్) 1 డిటెక్టెడ్, హెచ్‌ఎస్‌వీ 2 నాట్ డిటెక్టెడ్. నేను చదివినంతలో టైప్ 1 నోటికి వచ్చేది, టైప్ 2 కింద వచ్చేది. మరి నాకు టైప్ 1 కింద ఎలా వచ్చింది? ల్యాబ్ వాళ్లు ఏమైనా తారుమారు చేశారా? మా ఆయనకి కింద ఎప్పుడూ ఏమీ రాలేదు. "నాకు లేనిది నీకెక్కణ్నుంచి వచ్చింది" అని ఆయన ఒక్కసారే అడిగారు, మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ మాట ఇంట్లో అలాగే ఉండిపోయింది.

రాజహంస77
చాలా సింపుల్ అండీ. 1 అంటే పెదవి, 2 అంటే కింద. మీకు కింద వచ్చింది కాబట్టి అది 2 అయ్యుండాలి. రిపోర్ట్ తప్పు. ఇంకో ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయించుకోండి. ఇలాంటివి చాలా చూశాను.

గాజుపలక
రాజహంస గారూ, అంత సింపుల్ కాదు. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, ఈ స్వాబ్‌లు రోజూ చేతిలో పడుతుంటాయి. పీసీఆర్‌లో రెండు రకాల జన్యుపదార్థాన్నీ విడివిడిగా వెతుకుతాం. తాజా పొక్కు అడుగు నుంచి తీసిన స్వాబ్‌లో 1 దొరికిందంటే అక్కడ ఉన్నది 1 అనే నమ్మాలి. రక్తపరీక్షతో దాన్ని కొట్టేయలేం. అసలు ఈ విషయంలో స్వాబ్ కంటే రక్తపరీక్షే బలహీనం.

1, 2 అన్నవి వైరస్ రకాలు. అవి శరీరంలో చోటు పేర్లు కావు. టైప్ 1 ఎక్కువగా నోటి దగ్గర, టైప్ 2 ఎక్కువగా జననాంగాల దగ్గర కనిపిస్తాయి, అంతవరకే. టైప్ 1 కింద రావడం ఇప్పుడు బాగా మామూలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనాల ప్రకారం 15–49 ఏళ్ల వాళ్లలో సుమారు 52 కోట్ల మందికి టైప్ 2 ఉంటే, జననాంగాల దగ్గర టైప్ 1 ఉన్నవాళ్లు సుమారు 37.6 కోట్లు.

నీలిగన్నేరు గారూ, ఒక్కటి చెప్పండి. మీవారికి ఎప్పుడైనా జ్వరం వచ్చి మూతి పేలడం, పెదవి అంచున పొక్కులు రావడం ఉందా?

నీలిగన్నేరు
ఉంది! చిన్నప్పటి నుంచీ ఉందట. ఎండలో బాగా తిరిగినా, జ్వరం వచ్చినా, నిద్ర లేకపోయినా పెదవికి ఎడమ మూల, ఎప్పుడూ అదే చోట. ముందు రోజు అక్కడ చురచురమంటుంది అంటారు, మర్నాటికి పొక్కులు, తర్వాత తేనె రంగులో చెక్కు కడుతుంది. వాళ్ల అమ్మగారికీ అంతే. దాన్ని మేము రోగం అని ఎప్పుడూ అనుకోలేదు.

కానీ నాకు ఇది వచ్చే ముందు ఆయన పెదవి మీద ఏమీ లేదు. అది గట్టిగా చెప్పగలను.

గాజుపలక
అదే చోట, ముందు చురచుర, తర్వాత గుంపుగా పొక్కులు, చెక్కు... ఆయనది చాలావరకు టైప్ 1 కథే. చిన్నతనంలో ఇంట్లో పెద్దవాళ్ల ముద్దుల ద్వారా సోకి ఉంటుంది, ఎక్కువమందికి అలాగే వస్తుంది. 50 ఏళ్ల లోపు వాళ్లలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 380 కోట్ల మందికి, అంటే 64 శాతానికి టైప్ 1 ఉందని అదే సంస్థ అంచనా. అందులో చాలామందికి తెలియనే తెలియదు.

పెదవి మీద పొక్కు లేకపోయినా లాలాజలంలో వైరస్ అప్పుడప్పుడు బయటికి వస్తూనే ఉంటుంది. కంటికి ఏమీ కనపడదు. ఆ సమయంలో ఓరల్ సెక్స్ జరిగితే నోటి నుంచి కిందికి చేరుతుంది. మీకు ఇంతకు ముందు టైప్ 1 లేకపోతే దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు ఉండవు కాబట్టి మొదటిసారి ఇంత గట్టిగా వస్తుంది. జ్వరం, గజ్జల్లో బిళ్లలు అన్నారు చూడండి, అవి మొదటి సోకుడు లక్షణాలు.

ఇంకో సంగతి. కొన్ని దేశాల్లో యువతలో కొత్తగా వచ్చే జననాంగ హెర్పెస్‌లో టైప్ 1 వాటా బాగా పెరగడానికి ఒక కారణం, అక్కడి పిల్లలకు చిన్నతనంలో టైప్ 1 సోకడం తగ్గిపోవడం. చిన్నప్పుడు పెదవి మీద వచ్చి పోవాల్సింది రాలేదు, పెద్దయ్యాక మొదటిసారి కింద తగులుతోంది.

రాజహంస77
సరే, టైప్ 1 కింద వస్తుందనే అనుకుందాం. అయితే మాత్రం అది భర్త నుంచే వచ్చిందని ఎలా అంటారు? ఇక్కడ అందరూ కలిసి ఒకరికి క్లీన్ చిట్ ఇచ్చేస్తున్నారు. అటు ఆయన వైపు నుంచీ ఆలోచించండి.

ఆరోమెట్టు
రాజహంస గారూ, ఇక్కడ కేసు నడవట్లేదు. ఆవిడ అడిగింది వైరస్ గురించి.

గాజుపలక
రాజహంస గారు అడిగిన దాంట్లో తప్పులేదు. రిపోర్ట్ ఎవరి నుంచి వచ్చిందో చెప్పదు, చెప్పలేదు. ఎప్పుడు వచ్చిందో కూడా ఖచ్చితంగా చెప్పదు. సోకాక సాధారణంగా 2 నుంచి 12 రోజుల్లో లక్షణాలు కనిపిస్తాయి, కానీ కొందరిలో మొదటిసారి ఏమీ తెలియకుండా పోయి ఏళ్ల తర్వాత పైకి లేస్తుంది. ఇంట్లో ఏళ్ల తరబడి పెదవి పొక్కులు ఉన్న మనిషి ఉన్నప్పుడు, అదే రకం వైరస్ రెండో మనిషికి కింద వస్తే, బయటి మనిషి కోసం వెతకాల్సిన పని లేదు అని మాత్రం చెప్పగలను. అంతకు మించి ఏ ల్యాబూ చెప్పదు.

ఆరోమెట్టు
నాది టైప్ 2, కిందే, చాలా ఏళ్లుగా. మీ కథ చదువుతుంటే నా మొదటిసారి గుర్తొచ్చింది, చన్నీళ్లు పోసుకుంటూ మూత్రానికి వెళ్లేదాన్ని. ఆ చిట్కా మీకు అవసరమైతే వాడుకోండి, మంట నిజంగా తగ్గుతుంది.

మీకు ఒక శుభవార్త చెప్పనా? టైప్ 1 కింద వస్తే తిరగబెట్టడం నాలాంటి వాళ్ల కంటే చాలా తక్కువ. నాకు మొదటి ఏడాది మాటిమాటికీ వచ్చేది. ముందు తొడ వెనక జివ్వుమని లాగుతుంది, ఒక్కోసారి పిరుదు దాకా. అప్పుడే తెలిసిపోతుంది. ఆ జివ్వు మొదలవగానే డాక్టరు ముందే రాసిచ్చిన మాత్ర వేసుకుంటే పొక్కులు చిన్నగా వచ్చి పోతాయి, ఒక్కోసారి అసలు రావు. ఇప్పుడు ఏడాదికి ఒకసారి వస్తే వచ్చినట్టు.

మొదట్లో నా టెన్షన్ అంతా పుండ్ల గురించి కాదు, "నేనిక మామూలు మనిషిని కాదు" అని. పెదవి మీద వస్తే ఆయింట్‌మెంట్ రాసుకుని ఆఫీసుకి వెళ్తాం, నడుము కింద వస్తే ముఖం చాటేస్తాం. దాదాపు కవలల్లాంటి వైరస్‌లు, ఎంత తేడాగా చూస్తామో.

చిన్నడాక్టరు
చర్మ, సుఖవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. మీకు చూస్తున్న డాక్టరు మాటే ఫైనల్, నేను కొన్ని ఖాళీలు మాత్రం పూరిస్తాను.

ఆరోమెట్టు గారు తిరగబెట్టడం గురించి చెప్పింది నిజం. ఒకసారి ఒంట్లో చేరాక ఈ వైరస్ నరాల వెంట వెళ్లి నరాల కణాల గుంపుల్లో దాక్కుంటుంది. నోటి దగ్గర సోకితే చెవికి ముందు, పుర్రె లోపల ఉండే ట్రైజెమినల్ గాంగ్లియాన్‌లో. కింద సోకితే వెన్నెముక అడుగున ఉండే సేక్రల్ గాంగ్లియాలో. అక్కడి నుంచి అదే నరం వెంట దిగి దాదాపు అదే చోట లేస్తుంది. మీవారికి ఎప్పుడూ ఎడమ మూలనే రావడానికీ, ఆరోమెట్టు గారికి తొడ, పిరుదు లాగడానికీ కారణం ఇదే. ఆ నరం పరిధిలో కాబట్టి కొందరికి పొక్కులే పిరుదు మీద లేస్తాయి, కలయిక జరిగిన చోటే రావాలని లేదు.

ఏ రకం ఎక్కడ బలంగా ఉంటుందన్నదే అసలు తేడా. టైప్ 1కి నోరు సొంతిల్లు లాంటిది, అక్కడ మళ్లీ మళ్లీ లేస్తుంది. కింద సోకితే చాలామందిలో మొదటి ఏడాది ఒకసారి వస్తుంది లేదా అసలు రాదు, తర్వాత ఇంకా తగ్గిపోతుంది. టైప్ 2 దీనికి పూర్తిగా రివర్స్. కింద సోకితే మొదటి ఏడాది నాలుగైదు సార్లు రావడం మామూలే. నోట్లో సోకడమే అరుదు, సోకినా తిరగబెట్టడం ఇంకా అరుదు. లక్షణాలు లేకుండా వైరస్ బయటికి రావడం కూడా ఇదే దారిలో ఉంటుంది, కింద ఉన్న టైప్ 1లో అది మొదటి ఏడాదిలోనే చెప్పుకోదగ్గంత తగ్గుతుంది.

అందుకే రిపోర్ట్‌లో రకం తెలియడం ముఖ్యం. చూడ్డానికి మొదటిసారి పుండ్లు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి. నేనే కాదు, మా ప్రొఫెసర్ కూడా కంటితో చూసి 1, 2 అని చెప్పరు.

టెన్షన్‌పార్టీ
థ్రెడ్ మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు ఎప్పుడూ ఏ పొక్కూ రాలేదు. ఏదో భయంతో నేనే వెళ్లి ఫుల్ ప్యాకేజీ టెస్టులు చేయించుకున్నా. హెచ్‌ఎస్‌వీ 2 ఐజీజీ (రక్తంలో యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్, ఇండెక్స్ 1.6. ఐజీఎం (ఇంకో రకం యాంటీబాడీ) కూడా పాజిటివ్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. నా జీవితం అయిపోయిందా?

గాజుపలక
అయిపోలేదు, ముందు ఆ ఎర్ర అక్షరాలు చూడ్డం ఆపండి. చాలా కిట్లలో 1.1 దాటితే పాజిటివ్ అని ప్రింట్ అవుతుంది. కానీ 3 లోపు విలువలు తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లోనే 3 కంటే తక్కువ వస్తే వేరే పద్ధతిలో, ఉదాహరణకి వెస్టర్న్ బ్లాట్ అనే ఇంకో యాంటీబాడీ పరీక్షతో, నిర్ధారించుకోమని ఉంది. 1.6 మీద ఏ నిర్ణయానికీ రాకండి.

ఐజీఎం సంగతి చెప్పాలంటే నాకే చిరాకు. హెర్పెస్‌కి ఐజీఎం చేయించొద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది కొత్త ఇన్‌ఫెక్షన్‌కీ పాతదానికీ తేడా చెప్పదు, పాతది తిరగబెట్టినప్పుడు కూడా పాజిటివ్ రావచ్చు, రకాన్ని కూడా నమ్మకంగా చెప్పదు. అయినా ప్యాకేజీల్లో అలాగే పెడుతూనే ఉన్నారు.

చిన్నడాక్టరు
దీనికి కలపాల్సింది ఒకటుంది. ఏ లక్షణం లేనివాళ్లందరికీ హెర్పెస్ రక్తపరీక్ష చేయమని ఎవరూ సిఫారసు చేయరు, సరిగ్గా ఈ గందరగోళం వల్లే. టైప్ 1 ఐజీజీ అయితే ఇంకా ఇబ్బంది. పాజిటివ్ వస్తే ఒంట్లో టైప్ 1 ఉందని తెలుస్తుంది, కానీ అది పెదవి దగ్గర ఉందో కింద ఉందో రక్తం చెప్పదు. కొత్తగా సోకినప్పుడు ఐజీజీ తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది, నెగటివ్‌ని పూర్తిగా నమ్మాలంటే సుమారు 12 వారాలు ఆగాలి. మీకు ఎప్పుడైనా పొక్కో, చీలికో, పుండో కనిపిస్తే అప్పుడు పరుగున వెళ్లి స్వాబ్ ఇవ్వండి. పొక్కు తాజాగా ఉండాలి, దాని పైకప్పు తెరిచి అడుగున రుద్ది తీస్తారు, కాస్త చురుక్కుమంటుంది. చెక్కు కట్టాక వెళ్తే వైరస్ ఉన్నా నెగటివ్ రావచ్చు.

టెన్షన్‌పార్టీ
థాంక్స్ డాక్టర్ గారూ. వెస్టర్న్ బ్లాట్ ఎక్కడైనా చేస్తారేమో కనుక్కుంటా. ఈ రాత్రికి నిద్రపోతా.

పచ్చజొన్న
నాకు నోటి లోపల, బుగ్గకి, నాలుక కింద తెల్లగా పుండ్లు వస్తాయి. నోటిపూత అంటాం. అదీ ఇదేనా? ఈ థ్రెడ్ చదివాక నీళ్ల గ్లాసు కూడా ఎవరికీ ఇవ్వట్లేదు.

చిన్నడాక్టరు
మీరు చెప్పింది హెర్పెస్ కాకపోవచ్చు. బుగ్గ లోపలి మెత్తటి చర్మం మీద, మధ్యలో తెల్లగా, అంచు ఎర్రగా, గుండ్రంగా వచ్చే పుండ్లు సాధారణంగా ఆఫ్తస్ అల్సర్లు. అవి అంటువ్యాధి కాదు. హెర్పెస్ తిరగబెట్టేటప్పుడు ఎక్కువగా పెదవి అంచున, ముందు పొక్కులుగా వస్తుంది. గ్లాసు ఇవ్వొచ్చు. మాటిమాటికీ వస్తుంటే మాత్రం చూపించుకోండి, ఐరన్, బి12 లోపం లాంటివి కారణం కావచ్చు.

తొలిచినుకు
నేను గర్భవతిని, నెలలు దగ్గరపడ్డాయి. నాకు పెళ్లికి ముందే కింద హెర్పెస్ వచ్చింది, టైప్ 2. ఎప్పుడో ఒకసారి తిరగబెడుతుంది. బిడ్డకి ప్రాణాపాయం అని నెట్‌లో చదివినప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. మా డాక్టరుకి ఈ విషయం ఇంకా చెప్పలేదు.

చిన్నడాక్టరు
ఈరోజే చెప్పండి. ఇది దాచుకునే విషయం కాదు, చెబితే వాళ్లు చేయగలిగింది చాలా ఉంది.

నెట్‌లో చదివిన భయంకరమైన అంకెలు ఎక్కువగా మీలాంటి వాళ్లవి కావు. ప్రసవం దగ్గర్లో తల్లికి మొట్టమొదటిసారి సోకితే బిడ్డకి చేరే ప్రమాదం 30–50 శాతం దాకా ఉంటుంది, ఎందుకంటే తల్లి యాంటీబాడీలు తయారై బిడ్డకి అందేంత టైమ్ ఉండదు. మీలా పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లలో ఆ ప్రమాదం 1 శాతం లోపే. సాధారణంగా 36 వారాల నుంచి ఎసైక్లోవిర్ లేదా వాలాసైక్లోవిర్ అనే హెర్పెస్ మందు ఇస్తారు, నొప్పులు మొదలయ్యేటప్పటికి పుండ్లు లేకుండా ఉండాలని. ఆ సమయంలో పుండ్లు ఉన్నా, ఆ జివ్వుమనే సూచన ఉన్నా సిజేరియన్ చేస్తారు. ఏమీ లేకపోతే మామూలు కాన్పే.

ఇక్కడ రకం కంటే ఎప్పుడు సోకిందన్నదే ముఖ్యం. అసలు హెర్పెస్ లేని గర్భవతి విషయంలో పెదవి పొక్కులు వచ్చే భర్త చివరి మూడు నెలల్లో ఓరల్ సెక్స్‌కి దూరంగా ఉండాలి. పుట్టిన బిడ్డని పెదవి మీద పొక్కుతో ఎవరూ ముద్దుపెట్టుకోకూడదు, తాతయ్య అయినా అమ్మమ్మ అయినా. మనం మామూలుగా కొట్టిపారేసే ఆ మూతి పొక్కు నెలల పసిబిడ్డకి, మరీ ముఖ్యంగా మొదటి కొన్ని వారాల్లో, ప్రాణం మీదికి తేగలదు.

తొలిచినుకు
ఫోన్ చేశాను. రేపు రమ్మన్నారు. డాక్టరమ్మ అస్సలు తిట్టలేదు, "ముందే చెప్పి మంచి పని చేశావమ్మా" అన్నారు.

నీలిగన్నేరు
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా మా ఆయన చేత చదివించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అద్దం ముందుకెళ్లి పెదవి మూల చూసుకుంటున్నారు. "అంటే నేనిచ్చానా" అన్నారు. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

ఇప్పుడు మా ప్రశ్నలు. ఆయన రక్తపరీక్ష చేయించుకోవాలా? నా నుంచి ఆయనకి కిందికి తిరిగి సోకుతుందా? నేను రోజూ మాత్ర వేసుకోవాలా? నేను కాంటాక్ట్ లెన్స్ వాడతాను, చేతుల ద్వారా కళ్లకి పాకుతుందా?

గాజుపలక
రక్తపరీక్ష వల్ల మీకు కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. ఏళ్ల తరబడి పెదవి మీద పొక్కులు వస్తున్న మనిషికి టైప్ 1 పాజిటివ్ రావడం వింత కాదు. ఈసారి పెదవి మీద లేచినప్పుడు స్వాబ్ ఇస్తే చాలు, అదీ మనశ్శాంతి కోసమే.

చిన్నడాక్టరు
ఆయనకి నిజంగానే టైప్ 1 ఉంటే, మీ నుంచి అదే టైప్ 1 ఆయనకి కొత్త చోట సోకడం చాలా అరుదు. ఆయన ఒంట్లో దానికి యాంటీబాడీలు ఎప్పుడో తయారై ఉన్నాయి. అయితే అవి టైప్ 2ని ఆపవు. టైప్ 1 ఉన్నవాళ్లకి టైప్ 2 సోకితే మొదటిసారి కాస్త తేలిగ్గా రావచ్చు, అంతే. ఈ అంతరం చాలామందికి తెలియదు, "నాకు ఎలాగూ హెర్పెస్ ఉంది కదా" అని అజాగ్రత్తగా ఉంటారు. టైప్ 2 ఉన్నవాళ్లకి హెచ్‌ఐవీ సోకే ప్రమాదం కూడా సుమారు మూడు రెట్లు పెరుగుతుంది.

రోజూ మాత్ర గురించి మీ డాక్టరుతో మాట్లాడండి, కానీ కింద టైప్ 1 ఉన్న చాలామందికి అవసరం పడదు, తిరగబెట్టినప్పుడు వేసుకుంటే సరిపోతుంది. రోజూ వాలాసైక్లోవిర్ వేసుకుంటే భాగస్వామికి సోకడం దాదాపు సగం తగ్గిందని చెప్పిన 2004 నాటి పెద్ద అధ్యయనం టైప్ 2 మీద జరిగింది. కండోమ్ కూడా ప్రమాదాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు, ఎందుకంటే అది కప్పని చర్మం మీద నుంచి కూడా వైరస్ వస్తుంది. పుండ్లు ఉన్నప్పుడూ, జివ్వుమంటున్నప్పుడూ కలయిక వద్దు. మీరు వేసుకుంటున్న మందుల కుటుంబంలో మొదటిది ఎసైక్లోవిర్. దాని వెనక ఉన్న శాస్త్రవేత్త గెర్‌ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ వచ్చింది. వైరస్ సోకిన కణంలోనే మందుగా మారే ఆ తెలివి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కళ్ల గురించి జాగ్రత్త నిజంగా అవసరం, ముఖ్యంగా ఈ మొదటిసారి పుండ్లు పూర్తిగా మానేదాకా. ఒంట్లో యాంటీబాడీలు ఇంకా తయారవుతున్న ఈ దశలోనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి పాకే వీలు ఎక్కువ. పుండుకి మందు రాశాక సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆ తర్వాతే లెన్స్ ముట్టుకోండి, లెన్స్‌ని ఉమ్మితో ఎప్పుడూ తడపకండి. మీవారికీ ఇదే మాట, పెదవి పొక్కు ముట్టుకున్న చేత్తో కన్ను నలుపుకోవద్దు. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతుంటే లెన్స్ తీసేసి అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు మాత్రం వేయొద్దు, హెర్పెస్ ఉన్న కంట్లో అవి కార్నియాని (కంటి ముందు పొరని) ఇంకా పాడుచేస్తాయి.